ఊపిరితిత్తిలో చీముగడ్డ.. నోటి నుంచే మొదలు!

రెండు మూడు వారాలుగా జ్వరం. విడవని దగ్గు. దగ్గినప్పుడల్లా దుర్వాసనతో కూడిన కళ్లె. ఇలాంటప్పుడు కొందరు ‘క్షయేమో’ అని హడలిపోతారు. మరికొందరు ‘మామూలు దగ్గేలే’ అని మందుల దుకాణంలో మూడు రోజుల మాత్రలు కొనుక్కొని సరిపెట్టుకుంటారు. అసలు సమస్య ఈ రెండూ కాకపోవచ్చు. ఊపిరితిత్తిలో చీముగడ్డ కావొచ్చు. సకాలంలో గుర్తించి, చెప్పినన్నాళ్లు మందులు వాడితే చాలామందికి ఆపరేషన్ లేకుండానే నయమైపోయే జబ్బిది. నిర్లక్ష్యం చేస్తే మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇది ఎందుకొస్తుంది, ఎన్ని రకాలు, ఎలా గుర్తించాలి, మన ఇంట్లోవాళ్లకు రాకుండా ఎలా చూసుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

చర్మం మీద సెగ్గడ్డ లేస్తే కంటికి కనిపిస్తుంది. ఎర్రగా ఉబ్బుతుంది, సలుపుతుంది, చివరికి పగిలి చీము బయటికి వస్తుంది. అలాంటి గడ్డే ఊపిరితిత్తి లోపల ఏర్పడితే? పైకి ఏమీ కనిపించదు. ఊపిరితిత్తి కణజాలానికి నొప్పి తెలిసే నాడులు లేవు కాబట్టి మొదట్లో నొప్పి కూడా ఉండదు. గడ్డ పెరిగి, ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరను తాకినప్పుడే ఛాతీలో పొడిచినట్టు నొప్పి మొదలవుతుంది. అందుకే చాలామందిలో సమస్య బయటపడేసరికే బాగా ముదిరిపోయి ఉంటుంది.

న్యుమోనియాకూ దీనికీ తేడా ఉంది. న్యుమోనియాలో ఊపిరితిత్తిలోని గాలి గదులు నీరు, చీముతో నిండినా వాటి నిర్మాణం సాధారణంగా చెక్కుచెదరదు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఊపిరితిత్తి మళ్లీ మునుపటిలా తయారవుతుంది. చీముగడ్డలో అలా కాదు. ఇన్‌ఫెక్షన్ ధాటికి కొంతమేర కణజాలమే చచ్చిపోయి, కరిగిపోయి, అక్కడ గుంత పడుతుంది. అందులో చీము నిండుతుంది. దీన్నే వైద్యులు లంగ్ యాబ్సెస్ అంటారు. సాధారణంగా ఈ గుంత 2 సెంటీమీటర్ల కన్నా పెద్దగా ఉంటుంది. అంతకన్నా చిన్న గుంతలు ఒకేచోట గుంపుగా పడితే నెక్రొటైజింగ్ న్యుమోనియా అంటారు. రెండూ ఒకే తీరు సమస్యలే.

నోటికీ ఊపిరితిత్తికీ ఏంటి సంబంధం?

మన నోట్లో వందల రకాల బ్యాక్టీరియా ఉంటాయి. ముఖ్యంగా పంటికీ చిగురుకూ మధ్య సందుల్లో, ఆక్సిజన్ అందని చోట బతికే రకాలు పెద్ద సంఖ్యలో తిష్ఠ వేస్తాయి. నోట్లో ఉన్నంత వరకు ఇవి చిగుళ్ల జబ్బుకో, నోటి దుర్వాసనకో పరిమితమవుతాయి. దారితప్పి ఊపిరితిత్తిలోకి జారితేనే అసలు చిక్కు.

నిజానికి ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ చాలామందికి నిద్రలో కాస్తో కూస్తో లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతూనే ఉంటుంది. అయినా ఏమీ కాదు. ఎందుకంటే మనకు గట్టి కాపలా ఉంది. మింగేటప్పుడు గొంతులోని చిన్న మూత శ్వాసనాళాన్ని కప్పేస్తుంది. పొరపాటున మెతుకో, నీటిచుక్కో అటు వెళ్తే వెంటనే దగ్గు వచ్చి బయటికి తోసేస్తుంది. అదే పొలమారటం. ఇంకా లోపలికి వెళ్లిన వాటిని శ్వాసనాళాల గోడలకుండే సూక్ష్మమైన నూగు పైకి నెట్టేస్తుంది. మిగిలిన వాటి పని రోగనిరోధక కణాలు చూసుకుంటాయి.

ఈ కాపలా సడలినప్పుడు, లోపలికి జారే బ్యాక్టీరియా మోతాదు ఎక్కువైనప్పుడు చీముగడ్డకు బీజం పడుతుంది. మత్తుగా, స్పృహ లేకుండా ఉన్నప్పుడు దగ్గు రాదు. పక్షవాతంతో గొంతు కండరాలు బలహీనపడితే మింగటం పట్టు తప్పుతుంది. దీనికి చిగుళ్ల జబ్బు తోడైతే చెప్పాల్సిన పనే లేదు. జారే ప్రతి చుక్కా కోట్లాది బ్యాక్టీరియాను మోసుకెళ్తుంది.

గడ్డ ఒక్కరోజులో ఏర్పడదు. ముందు అక్కడ న్యుమోనియా మొదలవుతుంది. సాధారణంగా 1-2 వారాల్లో కణజాలం కరిగి గుంత పడుతుంది. ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోనే ఎందుకు వస్తుందంటే.. కుడివైపు శ్వాసనాళం ఎడమదాని కన్నా వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. జారిందేదైనా తేలికగా అటే వెళ్తుంది. వెల్లకిలా పడుకున్నవారిలో ఊపిరితిత్తి పైభాగంలో వెనకవైపు, కిందిభాగంలో పైవైపు గడ్డలు ఎక్కువ. ఎక్స్-రేలో గడ్డ ఎక్కడుందో చూసి, అది నోటి నుంచి జారినదా కాదా అని వైద్యులు అంచనా వేయటానికి ఇదే ఆధారం.

ఈ నోటి సంబంధం ఇప్పుడు కొత్తగా బయటపడిందేమీ కాదు. అమెరికా వైద్యుడు డేవిడ్ స్మిత్ 1920ల్లోనే దీన్ని గుర్తించారు. చీముగడ్డ గోడల్లోని బ్యాక్టీరియా, చిగుళ్ల సందుల్లోని బ్యాక్టీరియా ఒకేలా ఉన్నాయని గమనించారు. చిగుళ్ల నుంచి తీసిన బ్యాక్టీరియాను జంతువుల శ్వాసనాళంలోకి పంపి, అక్కడ చీముగడ్డలు ఏర్పడతాయని నిరూపించారు. యాంటీబయాటిక్స్ లేని ఆ కాలంలో ఈ జబ్బు బారినపడ్డవారిలో దాదాపు మూడో వంతు మంది చనిపోయేవారు. మరో మూడో వంతు మంది కోలుకున్నా, మిగతావాళ్లు ఏళ్ల తరబడి బాధపడేవారు. ఇవాళ పరిస్థితి పూర్తిగా మారిపోయింది. మందులున్నాయి. కావాల్సిందల్లా సమయానికి గుర్తించటమే.

ఎవరికి ముప్పు ఎక్కువ?

* పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు, కండరాల బలహీనత వంటి వాటితో మింగటం కష్టమైనవారికి.
* మూర్ఛ ఉన్నవారికి. మూర్ఛ వచ్చిన సమయంలో నోట్లోని స్రావాలు లోపలికి జారొచ్చు.
* మద్యం అతిగా తాగేవారికి. మత్తులో వాంతి చేసుకొని, అది లోపలికి వెళ్లినా తెలియని స్థితి వీరిది.
* నిద్రమాత్రలు, మత్తుమందులు ఎక్కువగా వాడేవారికి.
* చిగుళ్ల జబ్బు, పుచ్చిపళ్లు, పళ్ల మీద గట్టి గార ఉన్నవారికి.
* మధుమేహం అదుపులో లేనివారికి.
* తిన్నది పైకి ఎగదన్నే సమస్య తీవ్రంగా ఉన్నవారికి, అన్నవాహికలో అడ్డంకి ఉన్నవారికి.
* ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి, వెంటిలేటర్ మీద ఉన్నవారికి.
* కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి, దీర్ఘకాలంగా స్టిరాయిడ్లు వాడేవారికి, హెచ్‌ఐవీ బాధితులకు.

ఒక విచిత్రం ఏంటంటే.. నోట్లో ఒక్క పన్నూ లేనివారికి ఈ నోటి బ్యాక్టీరియాతో వచ్చే చీముగడ్డ అరుదు. పళ్లు లేకపోతే చిగుళ్ల సందులూ ఉండవు కదా! అందుకే బోసినోటి పెద్దవారికి చీముగడ్డ కనిపిస్తే వైద్యులు మరో కారణం కోసం, ముఖ్యంగా క్యాన్సర్ కోసం జాగ్రత్తగా వెతుకుతారు.

ఎన్ని రకాలు?

చీముగడ్డ ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి రెండు ప్రధాన రకాలుగా విభజిస్తారు. ఏ రకమో తేలితేనే సరైన చికిత్స సాధ్యం.

1. నేరుగా వచ్చేది: ఊపిరితిత్తిలో అప్పటికే వేరే జబ్బేదీ లేకుండా, నోటి స్రావాలు జారటం వల్లనో తీవ్ర న్యుమోనియా వల్లనో వచ్చే రకమిది. దీన్ని ప్రైమరీ అంటారు. ప్రతి 10 మంది బాధితుల్లో దాదాపు 8 మందికి వచ్చేది ఇదే. చికిత్సకు బాగా లొంగుతుంది.

2. మరో జబ్బు మూలంగా వచ్చేది: దీన్ని సెకండరీ అంటారు. ఇందులో గడ్డకు చికిత్స చేస్తే సరిపోదు. మూలాన్ని పట్టుకోవాలి. ఆ మూలాలు ముఖ్యంగా నాలుగు.

శ్వాసనాళంలో అడ్డంకి: పిల్లల్లో వేరుసెనగ పలుకు, చింతగింజ, బొమ్మల ముక్కలు, పెద్దల్లో వక్కముక్క, కట్టుడు పన్ను, మాంసం ఎముక వంటివి శ్వాసనాళంలో ఇరుక్కుపోవచ్చు. దాని అవతల స్రావాలు నిలిచిపోయి, కుళ్లి గడ్డకు దారితీస్తాయి. పొగతాగేవారిలో, 50 ఏళ్లు దాటినవారిలో ఆ అడ్డంకి క్యాన్సర్ కణితి కూడా కావొచ్చు. మందులు సరిగా వాడినా గడ్డ తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి అదేచోట మళ్లీ వచ్చినా ఈ అనుమానం తప్పనిసరి.

రక్తం ద్వారా: గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, డయాలిసిస్ గొట్టానికి ఇన్‌ఫెక్షన్, తీవ్ర గొంతు ఇన్‌ఫెక్షన్ మెడ రక్తనాళానికి పాకటం.. ఇలాంటి వాటిలో బ్యాక్టీరియాతో కూడిన రక్తపు గడ్డలు ఊపిరితిత్తులకు చేరతాయి. అప్పుడు ఒక్కటి కాదు, రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చిన్న గడ్డలు చాలాచోట్ల కనిపిస్తాయి.

పక్క అవయవం నుంచి: కాలేయంలో అమీబాతో ఏర్పడ్డ చీముగడ్డ ఛాతీకీ పొట్టకూ మధ్యనుండే డయాఫ్రమ్‌ను చీల్చుకొని కుడి ఊపిరితిత్తిలోకి పగలొచ్చు. అలాంటివారికి దగ్గితే చాక్లెట్ రంగులో చిక్కటి కళ్లె పడుతుంది. దీనికి వాడే మందులు వేరు.

రోగనిరోధక శక్తి తగ్గటం: వీరిలో మామూలు బ్యాక్టీరియాతో పాటు నొకార్డియా, యాస్పర్‌జిల్లస్ ఫంగస్ వంటి అరుదైన క్రిములూ గుంతలు చేస్తాయి. మధుమేహం అదుపు తప్పినవారిలో మ్యూకర్ ఫంగస్ కూడా దాడి చేయొచ్చు. 2021లో కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ పేరుతో మనల్ని భయపెట్టింది ఈ ఫంగసే.

కాలాన్ని బట్టి కూడా రెండు రకాలు. లక్షణాలు మొదలై 6 వారాల లోపైతే తక్షణ రకం. అది దాటితే దీర్ఘకాలికం. పాతబడేకొద్దీ గడ్డ చుట్టూ గోడ మందంగా, గట్టిగా తయారవుతుంది. మందు లోపలికి చేరటం కష్టమవుతుంది. తొందరగా చికిత్స తీసుకోవాలనేది ఇందుకే.

ఏ క్రిమితో వస్తే ఎలా?

నోటి నుంచి జారే రకంలో ఒకే బ్యాక్టీరియా ఉండటం తక్కువ. ఆక్సిజన్ లేనిచోట బతికే పలు రకాలు, స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా కలగలిసి ఉంటాయి. కళ్లెకు భరించలేని దుర్వాసన వచ్చేది వీటి వల్లే. మధుమేహులు, మద్యం తాగేవారిలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్లూ జ్వరం తగ్గుతోందనుకునేలోపు మళ్లీ ఒక్కసారిగా జ్వరం, ఆయాసం మొదలైతే స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను అనుమానించాలి. ఇది వేగంగా ఊపిరితిత్తిని దెబ్బతీస్తుంది.

వరి పండించే మన ప్రాంతాల్లో గుర్తుంచుకోవాల్సిన మరో జబ్బు మెలియాయిడోసిస్. దీనికి కారణమయ్యే బ్యాక్టీరియా తడి మట్టిలో, నిలిచిన నీటిలో ఉంటుంది. వానకాలంలో బురదలో పనిచేసే వారికి, అందులోనూ మధుమేహం ఉన్నవారికి కాళ్ల మీది గాయాల ద్వారా, శ్వాస ద్వారా సోకొచ్చు. ఊపిరితిత్తిలో, కాలేయంలో, ప్లీహంలో ఒకేసారి గడ్డలు ఏర్పడొచ్చు. చూడటానికి అచ్చం క్షయలా ఉంటుంది. కానీ క్షయ మందులకు లొంగదు. దీనికి ముందు రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్స్ ఇచ్చి, తర్వాత కనీసం 3 నెలలు మాత్రలు వాడాల్సి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పొలం పనులు చేస్తుంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.

గొర్రెలు, కుక్కల ద్వారా వ్యాపించే హైడాటిడ్ తిత్తి కూడా ఇన్‌ఫెక్షన్ సోకితే చీముగడ్డలాగే కనిపిస్తుంది. దీన్ని పొరపాటున సూదితో పొడిస్తే తీవ్ర అలర్జీ తలెత్తే ప్రమాదముంది. కాబట్టి గుంత కనిపించగానే సూది గుచ్చటం కాదు, అదేంటో ముందు తేల్చుకోవటం ముఖ్యం.

ఎలా గుర్తించాలి?

నోటి బ్యాక్టీరియాతో వచ్చే రకం మెల్లగా మొదలవుతుంది. వారాల తరబడి సాగుతుంది.

* జ్వరం, వణుకు. రాత్రుళ్లు దుస్తులు తడిసేంత చెమట.
* మొదట పొడిదగ్గు. గుంత శ్వాసనాళంలోకి తెరచుకోగానే ఒక్కసారిగా పెద్ద మొత్తంలో చీములాంటి కళ్లె.
* కళ్లెకు కుళ్లు వాసన. ఇది సుమారు సగం మందిలో కనిపిస్తుంది. వాసన లేనంత మాత్రాన గడ్డ లేదనుకోవటానికి లేదు.
* ఒక పక్కకు తిరిగి పడుకుంటే దగ్గు, కళ్లె ఎక్కువ కావటం.
* కళ్లెలో రక్తపు చారలు.
* గాలి గట్టిగా పీల్చుకున్నప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి.
* ఆకలి తగ్గటం, బరువు తగ్గటం, నీరసం.
* సమస్య పాతబడితే వేళ్ల చివర్లు గుండ్రంగా ఉబ్బటం.

దగ్గినప్పుడు గుక్కెడు గుక్కెడు రక్తం పడుతున్నా, హఠాత్తుగా ఛాతీనొప్పితో ఆయాసం ముంచుకొచ్చినా, మగత, తీవ్ర తలనొప్పి, మూర్ఛ తలెత్తినా, ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా ఆలస్యం చేయొద్దు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

క్షయా? చీముగడ్డా?

మనదేశంలో ఈ ప్రశ్న ఎంతో ముఖ్యం. ప్రపంచంలోని క్షయ బాధితుల్లో సుమారు నాలుగో వంతు మంది మనవాళ్లే. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గటం, కళ్లెలో రక్తం, ఎక్స్-రేలో గుంత.. రెండింటిలోనూ ఇవే లక్షణాలు. అందుకే రెండు వైపులా పొరపాట్లు జరుగుతుంటాయి. చీముగడ్డను క్షయ అనుకొని నెలల తరబడి క్షయ మందులు మింగేవారున్నారు. క్షయను మామూలు ఇన్‌ఫెక్షన్ అనుకొని, ఇంటిల్లిపాదికీ అంటించేవారూ ఉన్నారు.

కొన్ని తేడాలు దారి చూపుతాయి. క్షయ కళ్లెకు సాధారణంగా దుర్వాసన ఉండదు. చీముగడ్డ గుంతలో అడుగున చీము, పైన గాలి ఉంటాయి. కాబట్టి నిలబడి ఎక్స్-రే తీస్తే సగం నీళ్లు నింపిన గ్లాసులో మాదిరిగా మధ్యలో అడ్డగీత కనిపిస్తుంది. క్షయ గుంతలో ఇలాంటి గీత తక్కువ. అయితే ఇవి గుర్తులే గానీ రుజువులు కావు. తేల్చాల్సింది కళ్లె పరీక్షే.

రెండు వారాలు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పనిసరి. సీబీన్యాట్, ట్రూనాట్ పరీక్షలు గంటల్లోనే ఫలితం చెబుతాయి. ఇవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కళ్లె ఇచ్చే ముందు నీళ్లతో నోరు పుక్కిలించండి. గట్టిగా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి, చిక్కటి కళ్లెను డబ్బాలో ఊయండి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా.

ఇంకో మాట. సొంతంగా లెవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు కొని వాడొద్దు. ఇవి క్షయ క్రిమిని కూడా కొంత అణచిపెడతాయి. నాలుగు రోజులు బాగున్నట్టే అనిపిస్తుంది. ఈలోపు జబ్బు పరీక్షకు దొరక్కుండా ముదిరిపోతుంది.

నోటి బ్యాక్టీరియాతో వచ్చిన చీముగడ్డ ఇంట్లోవాళ్లకు గాలి ద్వారా అంటుకోదు. కానీ క్షయ కాదని తేలేంత వరకు మాస్కు పెట్టుకోవటం, కళ్లెను మూత ఉన్న డబ్బాలో ఊయటం మంచిది.

ఏయే పరీక్షలు?

ఛాతీ ఎక్స్-రేతో చాలావరకు తెలిసిపోతుంది. గడ్డ ఎంత పెద్దది, గోడ ఎంత మందం, వెనక కణితి ఏదైనా దాగుందా, చీము ఊపిరితిత్తి లోపలుందా, బయట పొరల మధ్య ఉందా అన్నవి సీటీ స్కాన్‌లో స్పష్టమవుతాయి. కళ్లె, రక్తం కల్చర్, రక్తంలో గ్లూకోజు, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అవసరం. అడ్డంకి ఉందని అనుమానిస్తే శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి చూస్తారు. ఇదే బ్రాంకోస్కోపీ. ఇరుక్కున్న గింజను తీయటానికైనా, కణితి నుంచి ముక్క తీసి పరీక్షించటానికైనా ఇది ఉపయోగపడుతుంది.

చికిత్స: రోజులు కాదు, వారాలు

దీనికి ప్రధాన చికిత్స యాంటీబయాటిక్సే. యాంపిసిలిన్-సల్‌బ్యాక్టమ్, అమాక్సిసిలిన్-క్లావులనేట్, క్లిండమైసిన్ వంటివి ఎక్కువగా వాడతారు. క్రిమి రకం, రోగి పరిస్థితిని బట్టి మందులు మారతాయి. సాధారణంగా ముందు ఆసుపత్రిలో ఉంచి రక్తనాళం ద్వారా ఇస్తారు. జ్వరం తగ్గి, కుదురుకున్నాక మాత్రలకు మారుస్తారు. మొత్తం మీద 3 నుంచి 6 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. సుమారు 80-90 శాతం మందికి మందులతోనే నయమవుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. మందులు మొదలుపెట్టాక సాధారణంగా 7-10 రోజుల్లో జ్వరం తగ్గిపోతుంది. ఆకలి పుడుతుంది. ‘తగ్గిపోయింది కదా, ఇంకా ఈ మాత్రలెందుకు?’ అనిపిస్తుంది. కానీ జ్వరం తగ్గటం వేరు, గుంత పూడటం వేరు. ఎక్స్-రేలో గుంత మూసుకుపోవటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యలో ఆపేస్తే గుంతలో మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ విజృంభిస్తుంది. ఈసారి పాత మందులకు లొంగకపోవచ్చు. కాబట్టి ‘ఎప్పుడు ఆపాలి?’ అన్నది మీ ఒంట్లో బాగుండటాన్ని బట్టి కాదు, ఎక్స్-రేను బట్టి వైద్యుడే నిర్ణయించాలి.

దగ్గు ఇబ్బంది పెడుతోందని దగ్గును అణిచే సిరప్‌లు తాగొద్దు. చీము బయటికి రావటానికి శరీరం ఎంచుకున్న దారి దగ్గే. దాన్ని మూసేస్తే చీము లోపలే ఉండిపోతుంది. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు ఒక పక్కకు ఒరిగి పడుకొని కళ్లెను బయటికి తెప్పించే పద్ధతులు కొందరికి మేలు చేస్తాయి. కానీ సొంతంగా చేయకూడదు. పెద్ద గడ్డ ఒక్కసారిగా ఖాళీ అయితే చీము రెండో ఊపిరితిత్తిలోకి పారే ప్రమాదముంది.

మధుమేహం ఉంటే ఈ సమయంలో గ్లూకోజు అమాంతం పెరగొచ్చు. కొన్నాళ్లు ఇన్సులిన్ అవసరమవ్వొచ్చు. బరువు తగ్గినవారికి పప్పు, గుడ్లు, పెరుగు, చేపల వంటి ప్రొటీన్ ఆహారం బాగా ఇవ్వాలి. పొగ, మద్యం పూర్తిగా మానెయ్యాలి.

గడ్డ 6 సెంటీమీటర్ల కన్నా పెద్దగా ఉన్నా, అడ్డంకి ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గినా మందులు ఒక్కటే సరిపోకపోవచ్చు. ఇలాంటివారికి స్కాన్ సాయంతో పక్కటెముకల సందులోంచి సన్నటి గొట్టం పంపి చీము తీసేస్తారు. అప్పటికీ ఫలితం లేకపోయినా, రక్తం ఎక్కువగా పడుతున్నా, క్యాన్సర్ అని తేలినా దెబ్బతిన్న భాగాన్ని ఆపరేషన్‌తో తొలగించాల్సి రావొచ్చు.

నిర్లక్ష్యం చేస్తే?

గడ్డ ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్యకు పగిలితే ఛాతీ చీముతో నిండిపోతుంది. లోపలి రక్తనాళాన్ని కొరికేస్తే దగ్గుతో పాటు ధారగా రక్తం పడుతుంది. ఇన్‌ఫెక్షన్ రక్తంలో కలిస్తే మెదడులోనూ గడ్డలు ఏర్పడొచ్చు. తగ్గాక కూడా శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై, తరచూ ఇన్‌ఫెక్షన్లు వేధించొచ్చు.

ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పెద్దలకు తినిపించేటప్పుడు: పక్షవాతం వచ్చిన నాన్నకో, మతిమరుపు ఉన్న అమ్మమ్మకో పడుకోబెట్టే చెంచాతో పోస్తుంటాం. ఇది ప్రమాదం. వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి. గడ్డం కొంచెం కిందికి వంచమనండి. చిన్న చెంచాతో పెట్టి, ఒక ముద్ద మింగాకే మరోటి ఇవ్వండి. టీవీ కట్టేయండి, మాట్లాడించొద్దు. తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచండి. మింగటం కష్టమైనవారికి అన్నిటి కన్నా పలుచటి నీళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. చిక్కటి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం వంటివి తేలిక.

పొలమారటాన్ని తేలికగా తీసుకోవద్దు: పొలమారితే ‘ఎవరో తలచుకుంటున్నారు’ అంటూ నెత్తి మీద తడతాం. ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. ప్రతి పూటా పొలమారుతుంటే, తిన్నాక గొంతు గురగురమంటుంటే, తరచూ జ్వరం వస్తుంటే మింగటం దెబ్బతిన్నట్టే. కొందరికి ఆహారం ఊపిరితిత్తిలోకి జారినా దగ్గే రాదు. వీరికి మరింత ప్రమాదం. మింగే తీరును పరీక్షించి, వ్యాయామాలు నేర్పే స్పీచ్ థెరపిస్టులుంటారు. అడిగి తెలుసుకోండి.

ముక్కు గొట్టం ఉంటే: గొట్టం ఉంది కదా అని పూర్తి ధీమా పనికిరాదు. లాలాజలం, పైకి ఎగదన్నిన ఆహారం అప్పటికీ జారొచ్చు. మంచం తలవైపు 30-45 డిగ్రీలు ఎత్తి ఉంచండి.

నోటి శుభ్రత: ‘అన్నం నోటితో తినటం లేదు కదా, పళ్లు తోమటమెందుకు?’ అనుకోవద్దు. తినని నోట్లోనే బ్యాక్టీరియా ఎక్కువ పెరుగుతుంది. మంచం మీదున్నవారికి రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్షుతోనో, తడిగుడ్డతోనో పళ్లు, చిగుళ్లు, నాలుక శుభ్రం చేయండి. కట్టుడు పళ్లు రాత్రిపూట తీసేసి కడగాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే దంతవైద్యుడితో గార తీయించుకోండి.

మూర్ఛ వచ్చినప్పుడు: నోట్లో నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాలు పెట్టటం, నోట్లో చెంచా దూర్చటం వల్ల మేలేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నురగ, వాంతి బయటికి కారిపోతాయి. మత్తుగా, స్పృహ లేకుండా ఉన్నవారికీ ఇదే పద్ధతి.

పిల్లల విషయంలో: 5 ఏళ్లలోపు వారికి వేరుసెనగ పలుకులు, బఠాణీలు, గింజలున్న పళ్లు అలాగే ఇవ్వొద్దు. పసివాళ్ల ముక్కు పట్టుకొని ఆముదమో, మందో బలవంతంగా పోయటం మానండి. ఉన్నట్టుండి దగ్గు మొదలై, రోజుల తరబడి ఒకవైపే పిల్లికూతలు వినిపిస్తుంటే ఏదైనా ఇరుక్కుందేమో చూపించండి.

ఆపరేషన్ ముందు: ఘనాహారం, పాలు, పాలతో చేసిన కాఫీ సాధారణంగా 6 గంటల ముందే ఆపమంటారు. మత్తులో ఉండగా పొట్టలోనిది పైకొచ్చి ఊపిరితిత్తిలోకి జారకూడదనే ఈ నియమం. ‘కాస్త కాఫీనే కదా’ అని తాగి దాచిపెట్టొద్దు. తాగితే వైద్యులకు చెప్పండి.

టీకాలు: పెద్దవయసువారు, మధుమేహులు ఏటా ఫ్లూ టీకా, వైద్యుడి సలహా మేరకు న్యుమోకాకల్ టీకా తీసుకోవటం మంచిది.

మీ ఇంట్లో మంచం మీదున్న పెద్దవాళ్లుంటే ఇవాళ రెండు పనులు చేయండి. రాత్రి భోజనం పెట్టేటప్పుడు వాళ్లు ఎలా మింగుతున్నారో ఓసారి గమనించండి. పడుకోబెట్టే ముందు నోరు తెరిచి చిగుళ్లు ఎలా ఉన్నాయో చూడండి. ఏమాత్రం తేడా కనిపించినా జ్వరం వచ్చేదాకా ఆగకుండా వైద్యుడికి చూపించండి.